వెనక్కి వాటం

మా అమ్మ ఇల్లు సైదాబాద్‌లో. నాలుగు వందల గజాల పాత స్థలం. ముందు ఇల్లు, మధ్యలో పెరటి తోట, ఆ వెనక పెద్ద రేకుల షెడ్డు. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. షెడ్డుకీ వెనక కాంపౌండు గోడకీ మధ్య అడుగున్నర సందు. ఆ సందులోకి మేమెవ్వరం వెళ్ళేవాళ్ళం కాదు. ఎలకలుంటాయనీ, తేళ్ళుంటాయనీ చిన్నప్పుడు భయపెట్టేవాళ్ళు. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ అడుగున్నర సందు గురించే.

ఆ షెడ్డు అమ్మది. మా ఇంట్లో అమ్మది అని చెప్పుకోదగ్గ కట్టడం అదొక్కటే. ఇల్లు నాన్న పేరు మీద ఉండేది. 1994లో అమ్మ రెండు జతల గాజులు అమ్మి, మిగతాది చీటీ పాడి, ఆ షెడ్డు వేయించింది. ఎండాకాలం వస్తే నలుగురు ఆడవాళ్ళు వచ్చేవారు. మామిడికాయలు కొట్టటం, తుడవటం, ఆవపిండి దంచటం, జాడీలకెత్తటం. మలక్‌పేట నుంచీ దిల్‌సుఖ్‌నగర్ నుంచీ మనుషులొచ్చి ఆవకాయ కొనుక్కుపోయేవారు. నా చదువు ఫీజులు ఆ షెడ్డులోంచే వచ్చాయి. నాన్న జీతం ఇంటిది, షెడ్డు డబ్బులు నా చదువువి. ఆ లెక్క ఎవరూ పైకి చెప్పలేదు గానీ అందరికీ తెలుసు.

అమ్మ మోకాళ్ళు పనిచేయటం మానేశాక పచ్చళ్ళ పనీ ఆగిపోయింది. కొన్నేళ్ళు అందులో విరిగిన మంచాలూ పాత పేపర్లూ ఉండేవి. నాన్న పోయిన తర్వాత, 2016లో, నేను దాన్ని శుభ్రం చేయించి నా పుస్తకాలు అక్కడ పెట్టుకున్నాను. అప్పటికి నా పిహెచ్.డి సగంలో ఉంది. తెలుగు రచయిత్రుల నవలల్లో ఇంటి స్థలం, వంటిల్లు, పెరడు, వాకిలి స్త్రీల జీవితాలను ఎలా గిరిగీసి ఉంచాయన్నది నా పరిశోధన. రేకుల మీద వాన పడుతుంటే ఆ చప్పుడు కింద కూర్చుని ‘వెనక వాకిలి’ అనే అధ్యాయం రాశాను. ఇంటి వెనక భాగాన్ని స్త్రీలకూ, పనివాళ్ళకూ, పశువులకూ ఎలా కేటాయించారో వందకు పైగా పేజీల్లో చర్చించాను. కానీ ఆ వెనక్కి కూడా ఒక వెనక ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి ఆ ఆలోచన వచ్చింది.

హైదరాబాదులో ఉన్నవాళ్ళెవరూ ఆ రాత్రిని మరిచిపోలేరు. బేగంపేటలో ఇరవై నాలుగు గంటల్లో 19 సెంటీమీటర్ల వాన. సరూర్‌నగర్ చెరువు పొర్లి కింది కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి. మా వైపు కరెంటు పోయింది. నేను టార్చిలైటు పట్టుకుని షెడ్డులో కింది అరల్లోని పుస్తకాలు పైకి సర్దుతూ ఉండిపోయాను. ఫొటోస్టాట్ కాగితాలూ, పాత పత్రికల ప్రతులూ, నోట్సూ చూసుకుంటే ఒక్క చుక్క లోపలికి రాలేదు. పాతికేళ్ళ కిందటి రేకులు ఒక్క చోట కూడా కారలేదు. వెనక సందులో మాత్రం నీళ్ళు జలపాతంలా పడుతున్న చప్పుడు. ‘అమ్మ ఎంత గట్టిగా కట్టించిందో!’ అనుకుని మురిసిపోయి పడుకున్నాను.

పొద్దున్నే వెనక గల్లీలో మాటలు వినిపించి గోడ మీంచి చూశాను. పెద్దక్క తన ఇంట్లోంచి బిందెతో నీళ్ళు ఎత్తి గల్లీలో పోస్తోంది.

పెద్దక్క అంటే అమ్మ దగ్గర పచ్చళ్ళ పనికొచ్చిన నలుగురిలో పెద్దామె. చిన్నప్పట్నించీ నేనలాగే పిలుస్తాను. పని దగ్గరవుతుందని మా వెనక గల్లీలోనే రెండు గదులు వేసుకుంది. పచ్చళ్ళు ఆగిపోయాక కుట్టుమిషను పెట్టుకుంది. ఆ రాత్రి మోకాలి లోతు నీళ్ళు ఆమె ఇంట్లో. మిషను మోటారు మునిగింది. మనవరాలు పదో తరగతి. కరోనా రోజులు కాబట్టి ఆ పిల్ల చదువంతా ఫోనులోనే. ఆ ఫోను కూడా తడిసింది. అన్నిటికన్నా ఆమె దిగులు పడింది జాకెట్టు గుడ్డల గురించి. బతుకమ్మ పండగకని ఊళ్ళోవాళ్ళు కుట్టడానికిచ్చిన గుడ్డలు. రంగులు దిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఎవరివి వాళ్ళకు ఎట్లా ఇవ్వాలి? ఎంతని కట్టాలి?

“చెరువు నీళ్ళా పెద్దక్కా?” అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. “చెరువు ఈడిదాంక రాలేదు బిడ్డా. మీ గోడ కన్నాలకెల్లి వచ్చినయి. ఎప్పుడొచ్చేటియే. ఈసారి ఎక్కువొచ్చినయి” అంది.

ఎప్పుడొచ్చేటియే. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మొదటిసారి ఆ సందులోకి వెళ్ళి చూశాను. షెడ్డు రేకులన్నీ ఒకే వైపుకు, వెనక్కి వాలి ఉన్నాయి. నలభై అడుగుల చూరు నీళ్ళంతా ఆ సందులో పడుతుంది. కాంపౌండు గోడ అడుగున మూడు తూములు. వాటిలోంచి నీళ్ళు గల్లీలోకి. గల్లీలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాత దాని మీదే కొత్తది వేశారు. గల్లీ లేస్తూ వచ్చింది, పెద్దక్క గడప దిగుతూ వచ్చింది. మా మధ్య తూముకి సరిగ్గా ఎదురుగా ఆమె దర్వాజ.

ఆ సాయంత్రం కాగితం పెన్ను తీసుకుని లెక్క వేశాను. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. మా షెడ్డు 800 చదరపు అడుగులు, అంటే 74 చదరపు మీటర్లు. 19 సెంటీమీటర్ల వానకు 14,000 లీటర్లు. ఎండాకాలంలో మేం డబ్బిచ్చి తెప్పించుకునే ట్యాంకరు 5,000 లీటర్లు. అంటే ఆ ఒక్కరోజులో దాదాపు మూడు ట్యాంకర్ల నీళ్ళు తీసుకెళ్ళి పెద్దక్క గడప ముందు కుమ్మరించాం. మామూలు సంవత్సరంలో ఈ ఊళ్ళో పడే వాన 80 సెంటీమీటర్లనుకుంటే ఏడాదికి దాదాపు 60,000 లీటర్లు. పాతికేళ్ళకు ఎంత? అక్కడ పెన్ను పెట్టేశాను.

వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీ రాయాలంటే తనకంటూ ఒక గది, కొంత సొంత ఆదాయం ఉండాలని చెప్పింది. మనలో ఎంతమందిమి ఆ గది గురించి కలలు కన్నాం! నా తరగతుల్లో ఏటా ఆ పుస్తకం చెప్పేదాన్ని, మా షెడ్డును తలుచుకుంటూ గర్వంగా చెప్పేదాన్ని. ఎలిస్ వాకర్ తన తల్లుల తోటలను వెతుక్కుంటూ 1974లో రాసిన వ్యాసంలో వుల్ఫ్‌ను నిలదీసింది. తన దేహమే తనది కాని బానిస కవయిత్రి ఫిలిస్ వీట్లీ సంగతేమిటని అడిగింది. అదీ చెప్పేదాన్ని. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చాక మన దగ్గర కూడా ఆ ప్రశ్న ఎంత సూటిగా నిలబడిందో చెప్పేదాన్ని. ప్రశ్న చెప్పటం వేరు, అది మన గోడ కన్నంలోంచి కారుతుంటే చూడటం వేరు. సొంత గది కావాలన్నాం. ఆ గదికి కప్పు కావాలి. కప్పు మీద పడ్డ నీళ్ళు ఎటో ఒకటు పోవాలి. ఎటు పోతున్నాయని నేను అడగలేదు. నా అధ్యాయం తడవకుండా కాపాడిన రేకులే ఆ పిల్ల చదువును తడిపాయి.

ఇంట్లో చెప్తే అన్నయ్య ఫోనులో, “ఓ పదివేలిచ్చెయ్, గడప ఎత్తు చేయించుకుంటారు” అన్నాడు. వకీలు అయిన ఒక బంధువు మరో అడుగు ముందుకేశాడు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఎగువ భూమి మీది నీళ్ళను దిగువ భూమి వాళ్ళు పోనివ్వాల్సిందేనట. తెచ్చుకుని చదివాను. అక్కడున్నది భూమి మీద సహజంగా పుట్టిన, పడిన నీళ్ళు, ఒక కాలువ అంటూ లేకుండా తమంతట తాము పారే సంగతి. నలభై అడుగుల రేకులేసి, నీళ్ళన్నీ ఒక చూరుకి చేర్చి, గోడకు కన్నాలు పెట్టి పంపటంలో సహజం ఏముంది? సహజం అనే మాటను మనం ఎన్నిచోట్ల విన్నామో గుర్తొచ్చి నవ్వొచ్చింది. పల్లం ఉన్నచోటికి నీళ్ళు పోవటం సహజమే. పల్లం ఎలా తయారైందన్నదే ప్రశ్న.

2021లో మొదటి ప్రయత్నం చేశాను. అదీ చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో నా తెలివితేటలు బయటపడ్డాయి. చూరు పొడవునా రేకు గట్టరు కట్టించి, పైపు దించి, మా పెరట్లో ఉన్న డ్రైనేజీ ఛాంబర్‌లో కలిపేయించాను. తూములు సిమెంటుతో మూయించాను. సందు పొడిగా ఉంది. నాకు ఎంత తృప్తి! ఆ వానాకాలంలోనే ఒక పెద్ద వానకు వెనక గల్లీలో మ్యాన్‌హోల్ పొంగింది. మా మోరీ వెళ్ళి కలిసేది ఆ గల్లీ లైనులోనే. ఇళ్ళ మురుగు కోసం వేసిన పైపు అన్ని నీళ్ళు పట్టలేదు. ఇదివరకు పెద్దక్క ఇంట్లోకి వాన నీళ్ళు వచ్చేవి. ఇప్పుడు మురుగు కలిసి వచ్చింది.

“అప్పుడు మంచినీళ్ళన్న వచ్చేటియి కద బిడ్డా” అంది.

చేసింది సాయం కాదు, నీళ్ళు నాకు కనపడకుండా చేసుకోవటం. మధ్యతరగతి పశ్చాత్తాపం చాలాసార్లు చేసే పని అదే అనుకుంటాను. ఆ పైపు మర్నాడే ఊడదీయించాను. తూముల సిమెంటు కూడా ముందు కొట్టించాల్సి వచ్చింది. ఆ ఏడాది మిగిలిన వానలన్నీ మళ్ళీ పాత దారినే ఆమె ఇంటికి వెళ్ళాయి. ప్రతి వానకూ గోడ దగ్గరకెళ్ళి నిలబడేదాన్ని. నిలబడటం వల్ల ఒరిగేదేమీ లేదని తెలుసు.

ఆ రోజుల్లోనే మూసీ వరదల చరిత్ర చదివాను. 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచిన వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఊళ్ళో ఒడ్డున గోడలు కట్టి సరిపెట్టుకుంటే చాలదు, పైనుంచి వచ్చే నీళ్ళను పైనే ఆపాలన్నది ఆయన ఆలోచనలోని సారం. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో అలా వచ్చాయి. నీళ్ళను కిందివాళ్ళు ఎదుర్కోవాలని కాకుండా పైవాళ్ళు ఆపుకోవాలనటం నాకు ఒక నీతిలా వినిపించింది. అది కూడా సంపూర్ణం కాదు. 2022 జులైలో ఆ రెండు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మాకు దగ్గర్లోని మూసారాంబాగ్ వంతెన మూసేశారు. నది ఒడ్డు బస్తీలవాళ్ళు సామాన్లు సర్దుకున్నారు. గేటు తాళం ఎవరి చేతిలో ఉంటుందన్నది ఎప్పుడూ మిగిలిపోయే ప్రశ్న.

అప్పటిదాకా నేనొక కథ నమ్ముతూ వచ్చాను. షెడ్డు వాటం వెనక్కి పెట్టించింది నాన్నే అయుంటాడని. ఇంటి ముందు అందంగా ఉండాలి, అక్కరలేనివన్నీ వెనక్కి పోవాలి అనే మగ ఆలోచన అది అని. నా పరిశోధనకు చక్కగా సరిపోయే కథ. ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మతో అదే అన్నాను.

అమ్మ కంచంలో చెయ్యి ఆపింది. “మీ నాన్న షెడ్డు సంగతి ఎప్పుడు పట్టించుకున్నారే? మేస్త్రీ నన్నే అడిగాడు, వాటం ఎటమ్మా అని. వెనక్కి పెట్టు అని నేనే చెప్పాను. ముందుకు పెడితే నీళ్ళన్నీ పెరట్లో పడేవి. పెరట్లో జాడీలుండేవి, మామిడి ముక్కలు ఆరేవి. ఒక్క అకాల వాన పడితే ఏడాది కష్టం బూజు పట్టేది. అప్పుడు వెనక ఖాళీ జాగానే. ఎవరూ లేరు.”

కాసేపాగి, “తర్వాత అది వచ్చి ఇల్లు వేసుకుంది. చూస్తూనే ఉన్నాను. అడిగితే మార్పించేదాన్ని. అది అడగలేదు” అంది.

నేనేం మాట్లాడలేకపోయాను. అమ్మ తన కాళ్ళ మీద తాను నిలబడటానికి, నన్ను చదివించుకోవటానికి తీసుకున్న నిర్ణయం అది. ఆ మామిడి ముక్కలు కోసిన చేతుల్లో పెద్దక్క చేతులూ ఉన్నాయి. ఆమె కోసిన ముక్కలు తడవకూడదని పెట్టిన వాటం ఆమె ఇంటినే తడిపింది. ఇందులో పితృస్వామ్యం లేదని కాదు. ఇల్లంతా నాన్న పేరు మీద ఉండబట్టే కదా అమ్మకు పెరట్లో ఆ చివర మిగిలింది. కానీ తనను వెనక్కి నెట్టినవాళ్ళనే చూస్తూ ఉంటే, తన వెనక ఎవరున్నారో మనిషికి కనపడదు. అమ్మకు కనపడింది, ఆగిపోయింది. నాకు కనపడనే లేదు. ‘అడగలేదు’ అన్న మాట మాత్రం ఇద్దరిదీ. అడగలేని చోట ఉంచినవాళ్ళం కూడా మేమే.

2022 మే నెలలో, వానలకు ముందు, పని మొదలుపెట్టాం. ఈసారి పెద్దక్కను గోడ ఇవతలికి పిలిచి, ముందు ఆమెకు చూపించి అడిగాం. మేస్త్రీ, అతని భార్య పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. రేకులు తీసి వాటం ముందుకు తిప్పాలంటే గోడలు కూడా మార్చాలి, అంత డబ్బు మా దగ్గర లేదు. అందుకని చూరుకే మళ్ళీ గట్టరు కట్టారు. మధ్యలో ఎత్తుగా, రెండు చివరలకూ పది అడుగులకు ఒక అంగుళం చొప్పున వాటం. రెండు చివర్లా ఒక్కో నాలుగంగుళాల పైపు. మోరీకి కాకుండా షెడ్డు పక్క గోడల వెంట ముందుకు, మా పెరట్లోకి. పైపు నోటికి వేపాకులు పడకుండా జాలీ. తొలి వానకు రేకుల మీది దుమ్మూ పిట్టల రెట్టలూ కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీళ్ళు మొక్కలకు వదిలెయ్యటానికి ఒక బిరడా. ఆ తర్వాతి నీళ్ళకు 2,000 లీటర్ల ట్యాంకు. ట్యాంకు నిండితే ఇంకుడు గుంత.

ఇంకుడు గుంత మాకు కొత్త కాదు. 2000లో ‘నీరు-మీరు’ వచ్చినప్పుడు ఇంటి ముందు ఒకటి తవ్వించారు. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టమూ వచ్చింది. గుంత మీద మాత్రం కారు పెట్టుకోవటానికి మేమే గచ్చు చేయించుకున్నాం. ఇప్పుడు ఇంటికీ షెడ్డుకీ దూరంగా, తోట నడుమ తవ్వటం మొదలుపెడితే అయిదో అడుగు రాకముందే బండ తగిలింది. హైదరాబాదు కదా, కింద అంతా నల్లరాయే. లోతు కుదరలేదు గనుక పొడవు పెంచాం. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. సగం దాకా పెద్ద కంకర, ఆపైన చిన్న కంకర, ఆపైన దొడ్డు ఇసుక. నేను మళ్ళీ లెక్క వేశాను. ఖాళీ గుంతైతే 6,000 లీటర్లు పడతాయి. కంకర నింపాక ఆ సందుల్లో నిలిచేది మూడో వంతే, అంటే 2,000. ట్యాంకూ గుంతా కలిపి 4,000. అయిదు సెంటీమీటర్ల వానకు సరిపోతాయి. 2020 అక్టోబరు లాంటి వానొస్తే? మిగిలిన 10,000 లీటర్లు ఎటు?

“మళ్ళ ఎన్కకేనా?” అంది మేస్త్రీ భార్య. మట్టి తట్ట దించి, తోటంతా ఒకసారి చూసింది. “అక్కా, గీ తోటను మడి లెక్క చేస్తె కాదా? చుట్టూత కట్ట వేసి లోపట దించుండ్రి. వరికి నీళ్ళు నిలవెట్టమా? రెండు దినాలు ఉంటయి, ఇంకుతయి.”

నాకు ఇంతవరకూ సలహాలిచ్చిన వాళ్ళల్లో ఎవరికీ తట్టని మాట అది. వెయ్యి చదరపు అడుగుల తోటను ఒక అడుగు లోతు చేస్తే 28,000 లీటర్లు పడతాయి. తోట మీద నేరుగా పడే వాన కూడా ఉంటుంది కదా, అదే అంత వానకు 17,000 పైన. దానికి షెడ్డు నుంచి మిగిలిన 10,000 కలిపినా మడిలో సరిగ్గా సరిపోతుంది. జామచెట్టూ వేపచెట్టూ కొబ్బరిచెట్టూ మొదళ్ళ చుట్టూ మట్టి దిబ్బలుగా వదిలేసి మిగతాది దించాం. అవి ఆక్రమించిన చోటుకి బదులు నేలలో ఇంకేది ఉంటుందని ధైర్యం. షెడ్డు పునాది వైపూ ఇంటి వైపూ కట్ట. గోడ అడుగున మూడు తూములూ మూత. కూలి లెక్క దగ్గర, ఆమెకు మగవాళ్ళకన్నా తక్కువ రేటు చెప్పాడు మేస్త్రీ. తోట ఆలోచన ఎవరిదో గుర్తుచేసి ఇద్దరికీ ఒకటే కట్టాను. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు, డబ్బు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది.

తవ్విన మట్టి గుట్టగా పడింది. ట్రాక్టరు పెట్టి పారబోయించాలనుకుంటుంటే పెద్దక్క గోడ అవతలి నుంచి అడిగింది. మొదటిసారి అడిగింది.

“ఆ మట్టి మాకియ్యరాదు బిడ్డా? నేల ఎత్తుకుంటం.”

రెండు రోజులు ఆమె, మనవరాలు, గల్లీ పిల్లలు కలిసి తట్టలతో మోశారు. నేనూ మోశాను. ఆమె రెండు గదుల్లో నేల ఒక అడుగు లేచింది. దాంతో దర్వాజ అడుగు మేర కోయాల్సి వచ్చింది. ఇప్పుడు వాళ్ళ ఇంట్లోకి వెళ్ళాలంటే నేను తల వంచుకుని వెళ్ళాలి. రేకులు నెత్తికి దగ్గరయ్యాయి, ఎండాకాలం ఇంకా వేడి. మంచి జరిగిందని రాసేయటానికి నాకు చెయ్యి రాదు. కానీ మా తోట ఒక అడుగు దిగింది, ఆమె నేల ఒక అడుగు లేచింది. అంతవరకూ నిజం.

2023 జులై ఆఖరి వారంలో రోజుల తరబడి వాన. రేకుల మీద చప్పుడు మొదలవగానే నేను పుస్తకాల అరల వైపు కాక వెనక గోడ వైపు పరిగెత్తాను. సందు తడిగా ఉంది, అంతే. తోటలో మాత్రం నీళ్ళు నిలిచాయి. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, “ఇల్లా చెరువా ఇది?” అని విసుక్కుంది. మల్లెపందిరి కుళ్ళిపోయింది. రెండు మొక్కలు చచ్చిపోయాయి. పాము వస్తుందేమోనని అమ్మకు భయం, దోమలొస్తాయేమోనని నాకు భయం. వాన తగ్గిన రెండో రోజు సాయంత్రానికి నీళ్ళు ఇంకిపోయి బురద మిగిలింది. ఆ బురద మా గుమ్మంలో ఉంది. ఇన్నేళ్ళూ అది ఆమె గుమ్మంలో ఉండేది.

పెద్దక్క ఆ వానల తర్వాత వచ్చి థ్యాంక్స్ చెప్తుందేమోనని నా మనసులో ఒక మూల ఎదురుచూసింది. ఒప్పుకోవటానికి సిగ్గుగా ఉంది గానీ చూసింది. ఆమె వచ్చింది. తోటంతా తిరిగి చూసి, ట్యాంకు తట్టి చూసి అంది:

“నీళ్ళు మా దిక్కు రాకుండ జేసినవు, మంచిగున్నది. మరి ఎండకాలం మాకు నీళ్ళు వద్దా? మా దిక్కు ఒక నల్లా వెట్టు.”

నేను నిర్ఘాంతపోయాను. తర్వాత ఆలోచిస్తే అంతకన్నా న్యాయమైన మాట లేదు. ఇన్నేళ్ళు అక్కరలేని నీళ్ళలో వాటా ఇచ్చాం. కావలసిన నీళ్ళలో వాటా ఎప్పుడిచ్చాం? ట్యాంకులో వాన నీళ్ళు కొద్ది రోజులే ఉంటాయి. ఎండాకాలం అదే ట్యాంకును మా బోరుతో నింపుతాం. ఇంకుడు గుంత వల్ల కొంతైనా కింద చేరితే చేరే చోటు అదే. అమ్మ మొదట ఒప్పుకోలేదు. “బోరు ఎండిపోతే మనకెవరిస్తారే?” అంది. అది దురాశ కాదు, ఎండాకాలపు హైదరాబాదులో ట్యాంకరు కోసం ఎదురుచూసిన మనిషి భయం. నాలుగు రోజులు ఆ మాట ఎత్తలేదు. అయిదో రోజు పొద్దున తనే అంది, “మధ్య తూము మూసేశారుగా, అక్కడే కన్నం కొట్టించు. పైపు సరిగ్గా పడుతుంది” అని.

కొట్టించాం. పాతికేళ్ళకు పైగా మా చూరు నీళ్ళు పోయిన ఆ కన్నంలోంచే ఇప్పుడు అరంగుళం పైపు పోతుంది. అవతల నల్లా ఉంది. పొద్దున ఆరింటికి బిందె కింద నీళ్ళు పడే చప్పుడు షెడ్డులో కూర్చుంటే నాకు వినపడుతుంది. నా థీసిస్ పుస్తకంగా వేయమని స్నేహితులు అడుగుతున్నారు. ‘వెనక వాకిలి’ అధ్యాయం తిరగరాయకుండా ఇవ్వలేనని చెప్పాను.

ఇంకొక్క సంగతి. ఎండాకాలంలో నీళ్ళు తక్కువైతే ఆ పైపు కట్టెయ్యటానికి మేస్త్రీ ఒక వాల్వు పెట్టాడు. అది గోడకు ఇవతల, మా వైపే ఉంది.